పెళ్లయిన విద్యార్థికి అమెరికా కాలేజీ ఆర్థిక సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో డిగ్రీ చదువుతూ ఈమధ్యే పెళ్లి చేసుకున్నవాళ్లు, త్వరలో చేసుకోబోయేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలివి. అంకెలన్నీ 2026–27 విద్యా సంవత్సరానివి, అంటే 2026 జులై 1 నుంచి 2027 జూన్ 30 వరకు. మీరు సిటిజన్ గానీ గ్రీన్ కార్డుదారు గానీ అయితే మొదటి నుంచి చదవండి. ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉంటే ముందు వీసా ప్రశ్న చూసుకోండి, మిగతాదంతా మీకు అక్కర్లేకపోవచ్చు.

పెళ్లి చేసుకుంటే అసలు ఏం మారుతుంది?

ఫాఫ్సా, అంటే కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వ సాయం కోరే దరఖాస్తులో అమ్మానాన్నల ఆదాయం పోయి, భర్త లేదా భార్య ఆదాయం వస్తుంది. మిగతా మార్పులన్నీ దీని వెంట వచ్చేవే.

24 ఏళ్లు నిండని విద్యార్థిని ఫెడరల్ ప్రభుత్వం మామూలుగా 'డిపెండెంట్' అంటుంది. వేరే ఊళ్లో ఉంటూ, అద్దె తనే కట్టుకుంటూ, ఇంటి నుంచి పైసా తీసుకోకపోయినా అంతే. పెళ్లయితే మాత్రం 19 ఏళ్లకైనా 'ఇండిపెండెంట్' అవుతారు. అమ్మానాన్నల జీతం, వాళ్ల బ్యాంకు నిల్వ, వాళ్ల సంతకం, ఏదీ అక్కర్లేదు.

2003 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లు 2026–27కి ఎలాగూ ఇండిపెండెంటే. మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులు కూడా అంతే. వాళ్ల లెక్కలో పెళ్లి వల్ల అమ్మానాన్నల ఆదాయం తగ్గేదేమీ ఉండదు, జీవిత భాగస్వామి ఆదాయం వచ్చి చేరడం తప్ప.

అంటే పెళ్లయితే సాయం పెరుగుతుందా, తగ్గుతుందా?

ఎవరి ఆదాయం పోతోంది, ఎవరిది వస్తోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు ఉదాహరణలు చూడండి.

ఒకమ్మాయి అమ్మానాన్నలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆదాయం 2,20,000 డాలర్లు. ఆమెకు ఫెడరల్ పెల్ గ్రాంటు, అంటే తక్కువ ఆదాయమున్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే, తిరిగి కట్టనక్కర్లేని డబ్బు, రాదు. తనలాగే చదువు పూర్తి కావస్తున్న అబ్బాయిని పెళ్లి చేసుకుంది. 2024లో అతని సంపాదన 24,000, ఆమెది 9,000, మొత్తం 33,000. పిల్లలు లేని దంపతుల ఏజీఐ, అంటే పన్ను లెక్కలో సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం, పేదరిక ప్రమాణానికి 175 శాతం దాటకపోతే పూర్తి పెల్ గ్రాంటు వస్తుంది. ఇద్దరున్న కుటుంబానికి ఆ ప్రమాణం 20,440 డాలర్లు కాబట్టి 175 శాతమంటే 35,770. ఆమెది ఆ లోపే ఉంది. పూర్తిస్థాయి విద్యార్థినిగా ఏడాదికి 7,395 డాలర్లు వస్తాయి.

ఇంకో అబ్బాయిది నలుగురున్న కుటుంబం, నాన్న గ్యాస్ స్టేషన్‌లో మేనేజరు, ఇంటి ఆదాయం 50,000. నలుగురి ప్రమాణం 31,200, అందులో 175 శాతం 54,600. కాబట్టి డిపెండెంటుగా అతనికి పూర్తి పెల్ వస్తోంది. ఏడాదికి 1,10,000 జీతమున్న అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మరుసటి దరఖాస్తులో పెల్ సున్నా. పిల్లలు లేని దంపతులకు కనీస పెల్‌కైనా ఆదాయం 275 శాతం, అంటే 56,210 దాటకూడదు. ఈ దారిలో దక్కకపోయినా ఎస్‌ఏఐ, అంటే చదువుకు మీరెంత పెట్టుకోగలరో అంచనా వేసే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే అంకె, తక్కువ వస్తే కొంత పెల్ దక్కవచ్చు. అంత జీతంతో ఎస్‌ఏఐ కూడా తక్కువ రాదు.

పెళ్లి చేసుకుంటే కాలేజీ ఖర్చు తగ్గుతుందట అని ఎవరైనా చెబితే, ఎవరి కాలేజీ ఖర్చో అడగండి.

పెళ్లి ఏ తేదీకల్లా అయి ఉండాలి?

ఫాఫ్సా మీద మీరు సంతకం చేసి పంపిన రోజుకు మీ వైవాహిక స్థితి ఏమిటన్నదే లెక్క. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఎందుకంటే మూడు తేదీలు కలగలిసిపోతాయి.

పన్ను రిటర్నుకు డిసెంబరు 31న మీరు పెళ్లయినవాళ్లా కాదా అన్నది ముఖ్యం. ఫాఫ్సాకు సంతకం రోజు ముఖ్యం. ఫాఫ్సాలో చూపే ఆదాయం మాత్రం రెండేళ్ల కిందటిది, 2026–27కి 2024 రిటర్ను. కాబట్టి 2025 డిసెంబరులో పెళ్లయి 2026 జనవరిలో ఫాఫ్సా నింపేవాళ్లు 2024లో ఒకరికొకరు పరిచయమే లేకపోయినా ఇద్దరి 2024 ఆదాయాలూ కలపాలి. 'అప్పటికి మాకు పెళ్లి కాలేదు కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు.

నిశ్చితార్థం అయింది, ముహూర్తం కూడా పెట్టేశారు. పెళ్లయినట్టు రాయొచ్చా?

రాయకూడదు. లగ్నపత్రిక రాసుకున్నా, హాలు బుక్ చేసినా ఫాఫ్సాకు మీరు అవివాహితులే.

ఇక్కడ కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేసుకున్నాం. ఆరు నెలల తర్వాత ఇండియాలో ముహూర్తం. ఏది లెక్క?

కౌంటీలో అయినదే. మ్యారేజ్ లైసెన్సు తీసుకుని, అధికారి ముందు సంతకాలయిన రోజు నుంచి చట్టం దృష్టిలో మీరు దంపతులు. వీసా పని కోసమో, ఇన్సూరెన్సు కోసమో ముందే రిజిస్టర్ చేసుకుని, ఇంట్లో 'ఇంకా పెళ్లి కాలేదు' అనుకునే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. తలంబ్రాలు పడలేదని ఫాఫ్సాలో 'సింగిల్' అని నొక్కితే అది తప్పుడు సమాచారమే.

దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. అమెరికాలో గుళ్లో పంతులుగారు పెళ్లి జరిపించారు కానీ లైసెన్సు తీసుకోలేదు. చాలా రాష్ట్రాల్లో అది చట్టబద్ధమైన పెళ్లి కింద నిలవదు. కాలేజీ సర్టిఫికెట్టు అడిగినప్పుడు చూపడానికి ఏమీ ఉండదు.

పెళ్లి ఇండియాలో జరిగింది, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. చెల్లుతుందా?

జరిగిన చోట చట్టప్రకారం చెల్లే పెళ్లిని అమెరికా కూడా గుర్తిస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని పెళ్లి చేసేది శాస్త్రోక్తంగా జరిగిన తంతు. రిజిస్ట్రేషన్ దానికి రుజువు. అందుకని మీ పెళ్లి తేదీ ముహూర్తం రోజే, సబ్ రిజిస్ట్రారు ముద్ర వేసిన రోజు కాదు.

కానీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు కావలసింది కాగితం. శుభలేఖ, ఫొటోలు వాళ్లకు సరిపోవు. తిరుగు ప్రయాణానికి ముందే ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించి, సర్టిఫికెట్టు రెండు మూడు ప్రతులు తెచ్చుకోండి. అందులో పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే, కౌంటరు దగ్గరే చూసుకోండి. ఇక్కడికి వచ్చాక సరిచేయించడం నెలల పని.

ఫాఫ్సా పంపిన తర్వాత పెళ్లయింది. మార్చుకోవచ్చా?

మీ అంతట మీరు మార్చకూడదు. సంతకం రోజుకు మీరు రాసింది నిజమే కాబట్టి ఆ ఏడాదికి అదే నిలుస్తుంది. బిడ్డ పుట్టడం వంటి ఇతర కారణాల వల్ల డిపెండెన్సీ మారితే ఆ మార్పు చేర్చాల్సిందే. పెళ్లి వల్ల మారితే మాత్రం నిర్ణయం కాలేజీది. మీ ఆర్థిక స్థితిని ఉన్నదున్నట్టు చూపడానికి మార్చడం సబబని ఎయిడ్ ఆఫీసర్ అనుకుంటే మార్చవచ్చు, లేకపోతే లేదు.

అడిగే పద్ధతి ఇది: ఆఫీసుకు ఈమెయిల్ రాసి, పెళ్లి సర్టిఫికెట్టు, భాగస్వామి 2024 పన్ను రిటర్ను, ఇప్పటి జీతం స్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం జతచేయండి. మీ పరిస్థితిలో ఏం మారిందో నాలుగైదు వాక్యాల్లో రాయండి. ఒప్పుకుంటే వాళ్లు పెళ్లి సంగతితో పాటు భాగస్వామి ఆదాయం, కుటుంబ సభ్యుల సంఖ్య అన్నీ మారుస్తారు. 'ఇండిపెండెంట్ చేయండి, జీతం మాత్రం కలపొద్దు' అంటే కుదరదు. భాగస్వామి జీతం ఎక్కువైతే అడగకపోవడమే మీకు లాభం. అడగాలన్న నిర్బంధమూ లేదు.

సంతకం చేసిన రోజుకే పెళ్లయి ఉండి పొరపాటున 'సింగిల్' అని పెట్టి ఉంటే అది వేరే సంగతి. అది తప్పు, వెంటనే దిద్దాలి.

పెళ్లి జనవరిలో. అక్టోబరులో పంపకుండా పెళ్లయ్యాక పంపితే?

పంపవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. మిమ్మల్ని తొందరపెట్టేది గడువులు. ఫెడరల్ గడువు 2027 జూన్ 30 వరకు ఉంది, పెల్ గ్రాంటు ఆలస్యం వల్ల పోదు. రాష్ట్రాల గడువులు అలా కాదు. కాలిఫోర్నియాలో డిగ్రీ విద్యార్థుల రాష్ట్ర గ్రాంటుకు మార్చి 2 ముఖ్యమైన తేదీ. కాలేజీల సొంత ప్రాధాన్య గడువులు అంతకన్నా ముందే ఉండవచ్చు. కాలేజీ చేతిలో పరిమితంగా ఉండే ఎస్‌ఈఓజీ (అదనపు ఫెడరల్ గ్రాంటు) వంటి నిధులు ముందొచ్చినవాళ్లకే అయిపోతాయి.

జనవరి, ఫిబ్రవరి ముహూర్తమైతే ఆగడం తెలివైన పనే, అదీ ఇద్దరి ఆదాయం తక్కువైనప్పుడు. మే నెల ముహూర్తం కోసం ఆగకండి. ముందు పంపేసి, పెళ్లయ్యాక కాలేజీని అడగడం మేలు.

నా భర్త ఫారంలో ఏం చేయాలి? ఆయన సంతకం పెడితే అప్పు ఆయన మీద పడుతుందా?

పడదు. ఫాఫ్సాలో 'కాంట్రిబ్యూటర్' అన్న మాట చూసి బెదిరిపోతారు. అది సమాచారం ఇచ్చేవారని మాత్రమే చెబుతుంది. మీ ఫీజు కట్టే బాధ్యతగానీ, అప్పుకు పూచీగానీ ఆయన మీద ఉండదు.

2024కి మీరిద్దరూ ఉమ్మడి రిటర్ను వేసి ఉంటే ఆయన విడిగా రానక్కర్లేదు. కొత్త దంపతులకు మామూలుగా అలా ఉండదు, 2024లో ఇద్దరూ ఎవరికి వారే వేసి ఉంటారు. అప్పుడు మీరు మీ భాగం నింపి, ఆయన ఈమెయిల్‌కు ఆహ్వానం పంపాలి. ఆయన స్టూడెంట్ఎయిడ్ డాట్ గవ్‌లో సొంత ఖాతా తెరిచి, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) నుంచి పన్ను వివరాలు తెప్పించుకోవడానికి సమ్మతి ఇచ్చి, సంతకం చేయాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లు కూడా ఖాతా తెరవవచ్చు.

ఎక్కడ చెడుతుందంటే సమ్మతి దగ్గర. ఆదాయమే లేదని, అమెరికాలో రిటర్నే వేయలేదని ఆయన సమ్మతి నొక్కకుండా వదిలేస్తే ఎస్‌ఏఐ లెక్కకట్టరు, ఫెడరల్ సాయం ఒక్క డాలరు రాదు. రిటర్ను వేయనివాళ్లూ సమ్మతి ఇవ్వాల్సిందే. ఆయన ఖాతా మీరే తెరిచి మీరే సంతకం చేయడం కూడా వద్దు. ఆ సంతకం చట్టపరంగా ఆయనది.

ఇంకో చిక్కు: కుటుంబ సభ్యుల సంఖ్యను పాత రిటర్ను చూసి వేయకండి. అందులో మీరొక్కరే ఉంటారు. సంఖ్య అడిగినచోట 2 అని వేయండి. వేయకపోతే ఆదాయం ఇద్దరిదీ, కుటుంబం ఒక్కరిదీ అయి పెల్ పరిమితి 35,770కి బదులు 26,355 దగ్గర ఆగిపోతుంది.

నా భార్య ఇంకా ఇండియాలోనే ఉంది, వీసా రాలేదు. ఆమె జీతం చూపాలా?

చూపాలి. వేర్వేరు దేశాల్లో ఉండటం విడిపోవడం కాదు. ఆమె 2024 సంపాదనను ఫారం నింపే రోజు మారకపు రేటుతో డాలర్లలోకి మార్చి రాయాలి. ఆ రోజు డాలరు 88 రూపాయలనుకుంటే ఏడాదికి 8,80,000 రూపాయల జీతం 10,000 డాలర్లవుతుంది. భారతీయ ఆదాయపు పన్ను రిటర్ను, ఫారం 16 దగ్గర పెట్టుకోండి, కాలేజీ అడగవచ్చు. ఐఆర్‌ఎస్‌లో ఆమె వివరాలేమీ దొరకవు, అయినా సమ్మతి మాత్రం తప్పదు.

ఆమె పేరున ఇండియాలో ఇంటి స్థలమో, అద్దెకిచ్చిన ఫ్లాటో ఉంటే ఆస్తుల ప్రశ్న వచ్చినప్పుడు దాని విలువలోంచి అప్పు తీసేసి చూపాలి. కాపురముండే ఇల్లు చూపనక్కర్లేదు.

పెళ్లయిన ఏడాది నేను పన్ను రిటర్ను 'సింగిల్' అని వేశాను. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే. మన కుటుంబాల్లో తరచూ కనిపించే తప్పు ఇది. డిసెంబరులో ఇండియాలో పెళ్లి, జనవరిలో ఒంటరిగా తిరిగి రావడం, భార్యకు సోషల్ నంబరు లేదు కదా అని ఏప్రిల్లో 'సింగిల్' అని వేసేయడం. డిసెంబరు 31కి పెళ్లయి ఉంటే ఆ ఏడాదికి 'సింగిల్' అన్నది లేదు. విడివిడిగా వేసే 'మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ' గానీ, ఆమెను పన్ను కోసం రెసిడెంటుగా ఎంచుకుని, డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ (సోషల్ నంబరు లేనివాళ్లకిచ్చే పన్ను నంబరు) తీసుకుని ఉమ్మడిగా గానీ వేయాలి.

పెళ్లి సర్టిఫికెట్టు మీద 2024 డిసెంబరు తేదీ, 2024 రిటర్నులో 'సింగిల్' కనిపిస్తే కాలేజీ ఆ వైరుధ్యం తేలేదాకా డబ్బు విడుదల చేయదు. 1040-ఎక్స్ అనే సవరణ రిటర్ను వేసి దిద్దుకోవాలి. వారాలు పడుతుంది, ఈలోగా ఫీజు గడువు రానే వస్తుంది. కాబట్టి కాలేజీ వెరిఫికేషన్‌కు, అంటే వివరాల తనిఖీకి, పిలవకముందే దిద్దుకోండి.

చదివింపులు ఆదాయమా? పెళ్లి బంగారం?

చదివింపులు ఆదాయం కింద రావు. కానీ సంతకం రోజుకు ఆ డబ్బు బ్యాంకులో ఉంటే నిల్వ కింద వస్తుంది. పిల్లలు లేని ఇండిపెండెంట్ విద్యార్థి ఆస్తిలో 20 శాతాన్ని ఎస్‌ఏఐలో కలుపుతారు. 15,000 డాలర్లు ఖాతాలో పడి ఉంటే లెక్క 3,000 పెరుగుతుంది. ఆ డబ్బుతో క్రెడిట్ కార్డు బాకీయో, కారు అప్పో ఎలాగూ తీర్చాలనుకుంటే, సంతకానికి ముందే తీర్చేయండి. ఆదాయాన్ని బట్టే పూర్తి పెల్ వచ్చేవాళ్లకు ఈ బెంగ అక్కర్లేదు.

ఒంటిమీద పెట్టుకునే నగలు సొంత వస్తువుల కిందికి వస్తాయి, చూపనక్కర్లేదు. 401కె వంటి రిటైర్మెంటు ఖాతాల నిల్వ కూడా అంతే.

అప్పుల పరిమితి మారుతుందా?

పెరుగుతుంది. డిపెండెంటుకు ఫెడరల్ డైరెక్ట్ లోను మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత 7,500 డాలర్లు, డిగ్రీ మొత్తానికి 31,000. ఇండిపెండెంటుకు ఇవి 9,500, 10,500, 12,500, మొత్తం 57,500. సబ్సిడీ ఉన్న, అంటే చదువుతున్నంతకాలం వడ్డీ ప్రభుత్వం భరించే, భాగం మొత్తం పరిమితి ఇద్దరికీ 23,000 డాలర్లే. పెరిగినదంతా చదువుతుండగానే వడ్డీ పెరిగే అప్పు.

దీంతోపాటు పేరెంట్ ప్లస్ లోను దారి మూసుకుపోతుంది. అది డిపెండెంట్ పిల్లల అమ్మానాన్నలకే. నాన్న ప్లస్ లోనుతో ఫీజు కడుతున్న ఇంట్లో చదువు మధ్యలో పెళ్లయితే ఆ లోటు ఎలా పూడ్చాలో ముందే లెక్క వేసుకోండి.

ప్రైవేటు కాలేజీ ఇచ్చే సొంత గ్రాంటు?

ఇక్కడ ఫెడరల్ నియమం చెల్లదు. ఫాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో దరఖాస్తు అడిగే చాలా కాలేజీలు తమ సొంత డబ్బు విషయంలో, చేరిన తర్వాత పెళ్లయినా అమ్మానాన్నల వివరాలు అడుగుతూనే ఉంటాయి. ఫెడరల్ లెక్కలో ఇండిపెండెంట్, కాలేజీ లెక్కలో డిపెండెంట్, రెండూ ఒకేసారి కావచ్చు. పెళ్లికి ముందే ఎయిడ్ ఆఫీసును అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి.

ఇద్దరమూ చదువుకుంటున్నాం. పిల్లలు పుడితే?

ఎవరి ఫాఫ్సా వాళ్లు పంపాలి, ఒకరి దాంట్లో ఇంకొకరు కాంట్రిబ్యూటర్. ఒకే ఇంట్లో ఇద్దరు కాలేజీలో ఉంటే లెక్కను ఇద్దరికీ పంచే పాత పద్ధతి 2024–25 నుంచి లేదు.

బిడ్డ పుట్టి, పోషణలో సగానికి పైగా మీరే భరిస్తుంటే లెక్క బాగా మారుతుంది. ముగ్గురి కుటుంబానికి పూర్తి పెల్ పరిమితి 45,185. తల్లిదండ్రులైన దంపతులకు కనీస పెల్ పరిమితి 350 శాతం, అంటే 90,370. ఆస్తిలోంచి తీసేదీ 20 శాతం నుంచి 7 శాతానికి దిగుతుంది.

నేను ఎఫ్-1 మీద ఉన్నాను, సిటిజన్‌ను పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు ఫెడరల్ సాయం వస్తుందా?

పెళ్లి వల్ల రాదు, గ్రీన్ కార్డు వల్ల వస్తుంది. గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 పెండింగులో ఉన్నంతకాలం అర్హత లేదు, వర్క్ పర్మిట్ చేతికొచ్చినా లేదు. పెళ్లయి రెండేళ్లు నిండకముందు ఇచ్చే రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు సరిపోతుంది. హెచ్-4 పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. తలకిందులైతే చిక్కు లేదు: విద్యార్థి సిటిజనైతే భాగస్వామికి ఏ వీసా ఉన్నా అర్హత పోదు.

సాయం కోసం కాగితం మీద పెళ్లి చేసుకునే ఆలోచన ఎవరైనా చెబితే, ఫాఫ్సాలో తెలిసి అబద్ధం చెప్పినందుకు 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఇమిగ్రేషన్ కేసు అదనం.

విడిపోతే?

విడాకులైనా, దంపతులుగా విడిపోయినా, ఆ తర్వాత పంపే ఫాఫ్సాలో మీరు పెళ్లయినవారు కాదు. 24 దాటకపోతే, పిల్లల పోషణ వంటి వేరే కారణమేదీ లేకపోతే, మళ్లీ డిపెండెంట్. అమ్మానాన్నల వివరాలు, సంతకం మళ్లీ కావాలి. ఇది చాలామందికి పిడుగులా తగులుతుంది, ముఖ్యంగా పెళ్లి కారణంగానే ఇంటితో మాటలు తెగిపోయినవాళ్లకు. అలాంటప్పుడు ప్రత్యేక పరిస్థితుల కింద డిపెండెన్సీ మినహాయింపు అడగవచ్చు. కౌన్సెలర్ ఉత్తరం వంటి ఆధారాలు చూపాలి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటున్నాను. ముందు ఎక్కడ మార్చాలి?

ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో, ఎస్‌ఎస్-5 ఫారంతో. కొత్త కార్డు వచ్చాక స్టూడెంట్ఎయిడ్ ఖాతాలో, ఆ తర్వాత కాలేజీ రికార్డులో. ఈ వరస తప్పితే ఫాఫ్సాలోని పేరు సోషల్ రికార్డుతో కలవక దరఖాస్తు ఆగుతుంది. సెమిస్టరు ఫీజు గడువు దగ్గరలో ఉంటే పాత పేరుతోనే ఫాఫ్సా పూర్తిచేసి, డబ్బు జమయ్యాక పేరు మార్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అమెరికా కాగితాల్లో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడిన భాగస్వామి ఉంటే, ఖాతా తెరిచేటప్పుడు సోషల్ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి.